కొక్కెం కాటా గారికి కిలోల బాధితుల విన్నపం

మహారాజశ్రీ డిజిటల్ కొక్కెం కాటా గారి దివ్యసముఖానికి, చెత్త ఏరే వాలంటీర్లు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయ కుశలోపరి అని రాయడం ఆనవాయితీ. మీరు కుశలమే. మా నడుముల సంగతే చెప్పలేం.

నిన్నటి మీ ఘనకార్యం గురించే ఈ లేఖ. సముద్రపు ఒడ్డు మీద చెత్త ఏరివేత పొద్దెక్కేలోపే అయిపోయింది. గోతాల మూతులు కట్టేసి వరసగా పేర్చాం. ఇక చేతులు కడుక్కుని ఇళ్లకు పోవడమే తరువాయి అనుకుంటుండగా వినిపించింది ఆ ప్రశ్న: "మొత్తం ఎన్ని కిలోలైంది?" అంతే, మధ్యాహ్నమంతా మీ కొక్కేనికి వేలాడింది. సగానికి పైగా తూచాక ఎవరో చూశారు, తెర మీద అంకె పక్కనుండే అక్షరాలు మారాయని. బురద గ్లౌజు వేలు తగిలి తమరు ఎప్పుడో పౌండ్లలోకి వెళ్లిపోయారు. కిలోకు 2.2 పౌండ్లు. 9 కిలోల గోతం దాదాపు 20 అని చూపిస్తుంటే "అబ్బో, ఈసారి బాగా దొరికింది" అని అందరూ మురిసిపోయారే తప్ప ఒక్కరికీ అనుమానం రాలేదు. ఏ గోతం దగ్గర మనసు మార్చుకున్నారో మీరు చెప్పరు కాబట్టి, కాగితం మీదున్నదంతా కొట్టేసి మళ్లీ మొదటికి.

సున్నా చేసే బటన్‌నూ, కిలోలను పౌండ్లు చేసే బటన్‌నూ పక్కపక్కనే పెట్టిన మేధావి ఎవరో గానీ, ఆయన జన్మలో తడి గ్లౌజు తొడిగి ఉండడు.

మీకు మర్యాదలు చేయడానికి నలుగురు కావాలి. ఇంచుమించు ఒకే ఎత్తున్న ఇద్దరు ఒక గట్టి కర్రను భుజాలకెత్తుకోవాలి, దాని మధ్యలో తమరు వేంచేయాలి. మూడో మనిషి గోతం తగిలించి పూర్తిగా వదిలెయ్యాలి, ఏ మాత్రం చెయ్యి ఆనించినా అంకె తప్పుతుంది. నాలుగో మనిషి అప్పటికప్పుడు రాసుకోవాలి. గోతం ఊగుతున్నంతసేపూ మీ అంకెలు గంతులేస్తాయి. ఊగడం ఆగకముందే ఏదో ఒక అంకె దగ్గర బిగుసుకుపోయి, అదే పరమసత్యమన్నట్టు బీప్ కొడతారు. పట్టీ, తాడు తగిలించాక సున్నా చేయాలి, లేకపోతే వాటి బరువూ చెత్త ఖాతాలోకే పోతుంది. కాసేపు ఎవరూ పట్టించుకోకపోతే అలిగి ఆరిపోతారు. గోతం వేలాడుతుండగా మళ్లీ వెలిగిస్తే ఆ గోతాన్నే సున్నా అనుకుంటారు. తూచిన ప్రతి గోతం మెడకూ అప్పటికప్పుడే రంగు తాడు కట్టకపోతే ఉత్సాహవంతుడెవరో దాన్నే మళ్లీ తెచ్చి తగిలిస్తాడు. సరే, యంత్రమన్నాక పేచీలుంటాయి. ఇవన్నీ భరిస్తాం.

భరించలేనిది వేరే ఉంది. మీరు వస్తున్నారని తెలిస్తే చాలు, ఏరే చేతులు మారిపోతాయి.

కాటా లేని రోజున మనిషి వంగి ఏం కనబడితే అది తీస్తాడు. కాటా ఉన్న రోజున తల పైకెత్తి బరువైనదాని కోసం వెతుకుతాడు. ఇసుకలో సగం కూరుకుపోయిన టైరు కనబడితే నలుగురు దాని చుట్టూ చేరతారు. కారు టైరు ఉత్తదే 8 నుంచి 10 కిలోలుంటుంది, లోపల నీళ్లూ బురదా నిండితే చెప్పక్కర్లేదు. ముందు వంచి ఆ నీళ్లు పారబోయాలి, లోపలున్న మట్టి రాల్చాలి, అప్పుడు మొయ్యాలి. కానీ నీళ్లు పారబోస్తే కిలోలు పోతాయిగా! నీళ్లతోనే మోస్తారు, నీళ్లతోనే తూస్తారు. నడుం పట్టేస్తుంది, అంకె మాత్రం అదిరిపోతుంది. ఆ టైరు చుట్టూ గంట గడిపిన నలుగురి కాళ్ల కిందే థర్మాకోల్ గుండ్లు వేలకొద్దీ పరుచుకుని ఉంటాయి. గాలి వీస్తే అవి నీళ్లలోకి పోతాయి. థర్మాకోల్ అంటే దాదాపు అంతా గాలే, ఘనపు మీటరు ముక్క తీసుకున్నా 20 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. 50 లీటర్ల గోతం నిండా ఏరినా కిలో దాటదు. పొద్దంతా మోకాళ్ల మీద కూర్చుని జల్లెడతో ఆ గుండ్లను వేరు చేసిన మనిషి గోతం తగిలిస్తే మీ తెర మీద 0.6. పక్కన టైరు మోసుకొచ్చిన వీరుడికి చప్పట్లు.

తడి ఇసుక సంగతి మరీ ఘోరం. లీటరు తడి ఇసుక బరువు దాదాపు 2 కిలోలు. లీటరు నీళ్ల సీసా ఖాళీగా ఉంటే 30 గ్రాములు కూడా ఉండదు. అంటే ఇసుక నిండిన ఒక్క సీసా దాదాపు డెబ్బై ఖాళీ సీసాలతో సమానం. పద్ధతి అందరికీ తెలుసు: మూత తీయాలి, ఇసుకా నీళ్లూ ఒంపేయాలి, తొక్కి చదును చేయాలి, అప్పుడు గోతంలో వేయాలి (లోపల ఏ ద్రవముందో తెలియని సీసా మూత మాత్రం తీయకూడదు, దాన్ని విడిగా పెట్టాలి). చేపల వలను గోతంలో కుక్కే ముందు ఇద్దరు చెరో కొసా పట్టుకుని దులపాలి. ఇవేవీ జరగవు, ఎందుకంటే దులిపిన ప్రతిసారీ రికార్డు పడిపోతుంది! ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు నాచునూ కట్టెనూ కూడా గోతాల్లో నింపేస్తున్నారు. అది చెత్త కాదు మహాప్రభో. దాని కింద బతికే పురుగుల్ని తినడానికే పక్షులు ఆ ఒడ్డుకు దిగుతాయి. వాటి నోటి దగ్గర తిండి ఎత్తుకొచ్చి నీ కొక్కేనికి తగిలించి, పర్యావరణ సేవ చేశామని ఫోటో దిగుతున్నాం.

సిగరెట్ పీకలు కిలో కావాలంటే ఎన్ని ఏరాలో ఎప్పుడైనా ఆలోచించావా? ఎండిన పీక పావు గ్రాము కూడా ఉండదు. కిలోకు నాలుగు వేలకు పైగా వంగాలి. ఆ ఫిల్టరు దూది కాదు, సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్ పోగులు. పొగలోంచి పట్టుకున్న నికోటిన్‌ను నీళ్లలో వదులుతుంది. కిలో ఇనుప ఊచ ఇసుకలో పడి ఉన్నా చేపకు పట్టదు, కిలో పీకలు వేరే లెక్క. నీకు మాత్రం రెండూ ఒకటే, 1.00 అని చూపిస్తావు.

పోనీ వేరే దారి ఎవరికీ తోచలేదా అంటే, నలభై ఏళ్ల కిందటే తోచింది. 1986లో అమెరికాలోని టెక్సస్ తీరంలో లిండా మరానిస్, క్యాథీ ఓహారా అనే ఇద్దరు మొదలుపెట్టిన ఏరివేతలో వాలంటీర్ల చేతికి సంచులతో పాటు లెక్క కార్డులు కూడా ఇచ్చారు. మూతలెన్ని, తాళ్లెన్ని, సీసాలెన్ని అని గీతలు గీయించారు. అదే పెరిగి ఇవాళ సెప్టెంబరు మూడో శనివారం దేశదేశాల్లో జరిగే తీర శుభ్రత దినమైంది. ఓడల్లోంచి సముద్రంలోకి ప్లాస్టిక్ పారేయడాన్ని నిషేధించిన మార్‌పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందపు ఐదో అనుబంధం 1988 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది, దాన్ని ఒప్పించే వాదనలో ఇలాంటి తీరపు లెక్కలు పనికొచ్చాయి. యూరప్‌లో ఓస్పార్ (ఈశాన్య అట్లాంటిక్‌ను కాపాడుకోవడానికి అక్కడి దేశాలు చేసుకున్న ఒప్పందం) పద్ధతి ఉంది: తీరంలో 100 మీటర్లు కొలిచి, అదే 100 మీటర్లలో ఏడాదికి నాలుగు సార్లు ప్రతి వస్తువునూ రకం వారీగా లెక్కపెడతారు. తీరాల మీద ఏవి ఎక్కువగా దొరుకుతున్నాయో ఇలా చూసుకునే యూరోపియన్ యూనియన్ 2019లో చట్టం చేసింది. 2021 జూలై నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, పళ్లాలు, ఇయర్‌బడ్ పుల్లలు అక్కడ మార్కెట్లోకి రాకూడదు. ఇయర్‌బడ్ పుల్లను నువ్వు పట్టుకోగలిగేవాడివా? పిడికెడు తగిలించినా నీ సున్నా కదిలితే గొప్ప.

కార్డు పద్ధతికి పెద్ద హంగామా కూడా అక్కర్లేదు. ముగ్గురు నలుగురు ఒక జట్టు, ఒకరి చేతిలో అట్టా పెన్సిలూ (తడి కాగితం మీద పెన్ను రాయదు), మిగతావాళ్లు ఏరుతూ పైకి చెబుతుంటే ఐదేసి గీతల కట్టలుగా గీసుకుంటూ పోవడమే. చిన్న ముక్కలకు వేరే గడి. కష్టమల్లా ఒక్కటే, చివర్లో ఫ్లెక్సీ మీద రాయడానికి పెద్ద అంకె రాదు. "ఒడ్డు మీద దొరికినవాటిలో సగం సీసా మూతలే" అని చెబితే చప్పట్లు పడవు. టన్ను అంటే పడతాయి. టన్నుకు యాభై కిలోలు తగ్గితే పక్కనున్న తుప్పల్లోంచి విరిగిన కాంక్రీటు దిమ్మెలు తెచ్చి తగిలించిన సంఘటనలూ ఉన్నాయి. కాంక్రీటయ్యా! ఏ చేప మింగుతుందని!

మిగతా దేవుళ్లకు తలా ఒక దండం పెట్టి ముందుకెళ్తాం. ఏరడం మొదలవకముందే దిగే గ్రూపు ఫోటోకు దండం. అరచేయి రెండింతలుండే ఒకే సైజు గ్లౌజులకు దండం. ప్లాస్టిక్ వద్దని అరిచిన గొంతుల దాహం తీర్చడానికి అట్టపెట్టెల్లో వచ్చే చిన్న నీళ్ల సీసాలకు సాష్టాంగం.

న్యాయంగా ఒక మాట చెప్పాలి, నీకూ ఒక చోటుంది. 2008 మే 3న ఎస్టోనియాలో 50,000 మంది ఒక్కరోజులో 10,000 టన్నుల చెత్త ఎత్తారు. అది అడవుల్లో దొంగచాటుగా పారబోసిన కుప్పల సంగతి. ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే మ్యాపులో గుర్తించి, ఆపైన మనుషుల్నీ బళ్లనీ పంపారు. కుప్పలెత్తే పనిలో టన్నులు లెక్కేయాల్సిందే, లేకపోతే ఎన్ని లారీలు కావాలో తెలియదు. మోసేవాళ్ల మేలు కోసం కూడా నువ్వు కావాలి. గోతం మూడింట రెండొంతులే నింపి, 10 కిలోలు దాటనివ్వకుండా కడితే ఒక మనిషి సుఖంగా మోస్తాడు. ఎత్తి చూసి "ఇది ఎక్కువైంది, రెండు చెయ్యి" అని చెప్పే పనికి నిన్ను మించినవాడు లేడు.

కానీ నిన్న జరిగింది వేరు. కాటా వేయడం ముగిసేసరికి లారీవాడికిచ్చిన టైము దాటిపోయింది, అతను వేరే బేరానికి వెళ్లిపోయాడు. గోతాలు రోడ్డు పక్కనే ఉండిపోయాయి. ఈ పూట చూస్తే సగం గోతాలు కుక్కలు చింపేసి ఉన్నాయి, థర్మాకోల్ తిరిగి ఒడ్డుకు చేరింది. నీ అంకె మాత్రం ఫోటోతో సహా అందరి ఫోన్లలో తిరుగుతోంది. తూచినది చెత్తకుండీకి చేరిందా అని ఒక్కరూ అడగలేదు. అడగరు కూడా, దానికి అంకె లేదు కదా.

కాబట్టి వచ్చే ఏరివేతకు షరతులివి. ఒడ్డు మీదికి నువ్వు రావు. లారీ వచ్చి నిలబడ్డాకే సంచిలోంచి బయటికి తీస్తాం. దాని దారి ఆపవు. ఇసుక దులపని గోతాన్నీ, నీళ్లు పారబొయ్యని టైరునూ నీ కొక్కేనికి తగిలించనివ్వం. కార్డుల లెక్క పూర్తయ్యేదాకా నీ అంకె ఎవరికీ చెప్పం. యూనిట్ బటన్ మీద ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు వేస్తాం. కొత్త బ్యాటరీలు మాత్రం మేమే తెస్తాం, చచ్చినట్టు.

ఇట్లు,
మీ కొక్కెం కింద వంగిన నడుములు