పాపభీతి గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ పాపభీతి గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మేం ఎప్పటిలాగే తప్పులు చేసుకుంటూ క్షేమంగా ఉన్నాం. మీ క్షేమం గురించి అడగక్కర్లేదు, భయానికి ఏ కాలంలోనూ ఏ లోటూ రాలేదు.

విషయానికి వస్తాను. దేవుడు ఉన్నాడా లేడా అని నలుగురు కూర్చుని వాదించుకుంటే చాలు, కాసేపటికే మీ పేరు వచ్చేస్తుంది. "దేవుడే లేడనుకుంటే ఇంక మనిషికి భయమేముంది? దోచుకోవడాలు, పొడుచుకోవడాలే" అంటారు ఎవరో ఒకరు. ఆ మాట అన్న పెద్దమనిషి పక్కన కూర్చోవాలంటే నాకు కొంచెం టెన్షన్. అంటే మీరొక్క రోజు సెలవు పెడితే ఈయన నన్ను పొడిచేస్తాడన్నమాట! నిజానికి ఆయన చీమకు కూడా హాని తలపెట్టే రకం కాదు. తన మంచితనాన్ని తీసుకెళ్లి మీ ఖాతాలో జమ చేశాడు, అంతే. మీరూ "అబ్బే, అది నాది కాదండీ" అని ఏనాడూ తిరిగి ఇవ్వలేదు.

మీ ఉద్యోగం పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ ఉద్యోగం లాంటిది. మీరు తిరుగుతుంటే చీటీలు బయటికి రావు, ఒప్పుకుంటాను. కానీ ఇన్విజిలేటర్‌ని చూసి లెక్కలు నేర్చుకున్నవాడు ఎక్కడా లేడు. పోనీ ఆ కాపలా అయినా మీరొక్కరే చేయగలరా అంటే, అదీ అనుమానమే. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీలో ఒక కాఫీ గది ఉండేది. టీ, కాఫీ, పాలు ఎవరికి వారే తీసుకుని డబ్బులు డబ్బాలో వేయాలి, అడిగేవాళ్లు లేరు. ధరల కాగితం మీద ఒక వారం పువ్వుల బొమ్మ, మరో వారం మనిషి కళ్ల బొమ్మ పెట్టారు. కళ్లున్న వారాల్లో, ఖర్చయిన పాల లెక్కన చూస్తే, దాదాపు మూడు రెట్లు డబ్బు పడిందని 2006లో ప్రకటించారు. అవి దేవుడి కళ్లు కావు, కాగితం మీద అచ్చేసిన కళ్లు. ఆ తర్వాత చేసిన ప్రయోగాల్లో కొన్నిట్లో ఈ మాయ పనిచేయలేదనుకోండి. బొమ్మకు కూడా అలవాటు పడిపోయే జాతి మాది.

సరే, మీ సొంత ఇలాకాకే వెళ్దాం. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదువుకుంటున్న విద్యార్థుల మీద జరిగిన ప్రయోగం 1973లో అచ్చయింది. వాళ్లని పక్క భవనానికి వెళ్లి ప్రసంగం చేయమన్నారు. కొందరికి ఇచ్చిన అంశం, దారిలో గాయపడి పడి ఉన్న పరాయివాణ్ణి ఆదుకున్న, బైబిల్లోని మంచి సమరయుడి కథ. వెళ్లే దారిలో ఒక మనిషి తల వాల్చేసి, కళ్లు మూసుకుని, గుమ్మం దగ్గర కూలబడి ఉన్నాడు. దగ్గుతున్నాడు, మూలుగుతున్నాడు. తొందర లేనివాళ్లలో 63 శాతం మంది ఏదో ఒక సాయం చేశారు. "ఇప్పటికే ఆలస్యమైంది, త్వరగా వెళ్లు" అని పంపినవాళ్లలో చేసింది 10 శాతం. సమరయుడి గురించి మాట్లాడబోతున్న కొందరైతే ఆ మనిషి మీంచి దాటుకుంటూ వెళ్లిపోయారు, కథలోని దయ గురించి చెప్పాలిగా మరి! ఆ పూట మీరెక్కడున్నారండీ? చేతి గడియారం ముందు కూడా నిలబడలేకపోయారా?

మీ పేరే ఎరగనివాళ్ల సంగతి ఇంకా విచిత్రం. 1964 నాటి ముచ్చట. రీసస్ కోతి ముందు రెండు గొలుసులు, ఏది లాగినా తిండి వస్తుంది. కానీ వాటిలో ఒకటి లాగితే ఎదురుగా ఉన్న ఇంకో కోతికి కరెంటు షాక్ కొడుతుంది. చాలా కోతులు ఆ గొలుసును వదిలేశాయి. ఒకటైతే 12 రోజులు తిండికోసం ఏ గొలుసూ ముట్టుకోలేదు. దానికి నరకం గురించి చెప్పినవాళ్లెవరూ లేరు. (ఇంతకీ ఈ దయను కొలవడానికి షాకులు పెట్టింది మనుషులే.)

మా నాస్తిక మిత్రులు చప్పట్లు కొట్టబోతున్నారు. కాస్త ఆగండి. ఆ కోతులు కూడా తమతో ఒకే బోనులో మసలిన కోతి అయితేనే ఎక్కువ జాలి చూపించాయి. పుట్టుకతో వచ్చే మంచితనం ఉంది, కానీ దానికి చుట్టరికం పిచ్చి. అలాగే 2007లో, ఏడాది కూడా నిండని పాపలు బొమ్మలాట చూసి, అడ్డుపడిన బొమ్మను వదిలేసి సాయం చేసిన బొమ్మనే ఎంచుకున్నారని సంబరపడ్డాం. తర్వాత చాలా ల్యాబులు కలిసి మళ్లీ చేసి చూస్తే ఆ మొగ్గు కనిపించలేదు. ఇక మిమ్మల్ని అధికారికంగా కొలువు నుంచి తీసేసిన సోవియట్ రష్యాలో 1931లో మాస్కోలోని పెద్ద చర్చిని పేల్చేశారు. పాపభీతి పోయింది గానీ కుర్చీ ఖాళీగా ఉండలేదు, పోలీసు భీతి వచ్చి కూర్చుంది.

అయినా మీ మీద నా అసలు ఫిర్యాదు కాపలా సరిగ్గా లేదని కాదు. 1600లో రోములో జోర్డానో బ్రూనో అనే తత్వవేత్తను మతద్రోహి అని బతికుండగానే తగలబెట్టారు. ఆ శిక్ష వేసినవాళ్లలో మీరు లేక కాదు, నిండా ఉండబట్టే వేశారు. అతణ్ణి వదిలేస్తే పాపమని భయపడ్డారు. అది దారుణమని ఇవాళ భక్తులు కూడా అంటారు. ఏ కొలత పెట్టి అంటున్నారు? ఆ కొలత మీరిచ్చింది కాదే! దేవుళ్లు మెచ్చారు కాబట్టి ఒక పని మంచిదా, మంచిది కాబట్టి దేవుళ్లు మెచ్చారా అని సోక్రటీస్ ఎప్పుడో అడిగాడు. దైవద్రోహం కేసు పెట్టి క్రీ.పూ. 399లో ఆయనకు విషం ఇచ్చారు గానీ, జవాబు ఇవ్వలేదు. ఫైలు పెండింగ్‌లోనే ఉంది.

మిమ్మల్ని రాజీనామా చేయమనడం లేదు. నేనూ అంత గట్టివాణ్ణేం కాదు, అప్పుడప్పుడూ పనికొస్తారు. డ్యూటీ చార్టు మాత్రం మార్చుకోండి. పిల్లవాడు పక్కవాడి పెన్సిల్ తీస్తే చాలు, కాగే నూనెతో ప్రత్యక్షమైపోతారు. "దేవుడు నా పక్షం" అని గట్టిగా నమ్మి ఎదుటివాడి మీదికి వెళ్లేవాడి దగ్గర మాత్రం ఎప్పుడూ కనిపించరు. కొన్నాళ్లు అక్కడ పనిచేసి చూడండి. మా హేతువాదుల్లోనూ "నేనే తెలివైనవాణ్ణి" అని తీర్మానించుకున్నవాళ్లు ఉన్నారు, వాళ్లవైపూ ఓ రౌండు వేయండి.

ఇట్లు,
తమ విధేయుడూ కాక, విరోధీ కాక
మధ్యలో మిగిలిన ఒకడు