నడుముకు కట్టుకునే కన్నుకు రిపేరు ఎవరు చేస్తారు?

కంట్లో చిప్ పెడితే పోయిన చూపు వస్తుందట అనే వార్త ఫోన్లలో తిరుగుతోంది. రేచీకటితో మొదలై ఏళ్ల తరబడి చూపును గొట్టంలా కుదించేసే రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్న ఇళ్లలో దీని మీద ఆశ ఎంతుంటుందో వేరే చెప్పాలా? దగ్గరి సంబంధాల్లో ఈ జబ్బు ముప్పు ఎక్కువ, మేనరికాలు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంకా పోలేదు. చెన్నై రైలెక్కి వెళ్లి, 'మందు లేదు' అనిపించుకుని తిరిగొచ్చిన వాళ్లు మన మధ్యే ఉన్నారు.

వార్త అబద్ధం కాదు. ప్రిమా అనే రెండు మిల్లీమీటర్ల చిప్‌ను యూరప్‌లో 38 మందికి అమర్చారు, ఏడాది తర్వాత పరీక్షించిన 32 మందిలో 26 మందికి చూపు చెప్పుకోదగ్గంత మెరుగుపడిందని 2025 అక్టోబరులో ఫలితాలు వచ్చాయి. కాకపోతే అది వయసు మీద పడ్డాక చూపు మధ్యభాగాన్ని దెబ్బతీసే మాక్యులా జబ్బుకు. రెటినైటిస్ పిగ్మెంటోసా కోసం అమెరికాలో 2013లో అనుమతి పొందింది ఆర్గస్ 2 అనే పరికరం, మేం చెప్పదలచుకున్నది దాని కథే.

అందులో కళ్లజోడుకు ఒక కెమెరా, నడుముకు ఒక పెట్టె, కంట్లో సన్నని కరెంటు సంకేతాలిచ్చే 60 ఎలక్ట్రోడ్లున్న చిప్. కెమెరా పట్టేది లక్షల చుక్కలు, కంటి వెనక తెరకు, అంటే రెటీనాకు, పంపగలిగేది అరవై! ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అన్నది ఆ పెట్టెలోని ప్రాసెసరే తేల్చాలి, గుమ్మం అంచో బల్ల అంచో వెతికి పట్టి, వెలుగునీడల తేడా పెంచి, అదీ ఆలస్యం లేకుండా, ఎందుకంటే మనిషి అప్పటికే అడుగు వేసేస్తుంటాడు. కనిపించేది మెరుపు చుక్కలే. పక్కకు చూడాలంటే కన్ను కాదు, తల తిప్పాలి. చూపంతా ఆ పెట్టె దయ.

ప్రపంచం మొత్తం మీద సుమారు 350 మంది దాన్ని పెట్టించుకున్నారు. 2019లో దాన్ని చేసే కంపెనీ తయారీ ఆపేసింది, 2020లో దివాలా అంచుకు వెళ్లింది. పెట్టె పాడైతే విడిభాగాల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది, చిప్ మాత్రం కంట్లోనే ఉండిపోయింది. రొయ్యల చెరువు మీద ఏరేటర్ ఆగిపోతే అర్ధరాత్రయినా మెకానిక్‌ను నిద్ర లేపి తెచ్చుకుంటాం, కన్ను ఆగిపోతే ఎవరిని లేపాలి?

మనకిది మరీ కొత్త అనుభవమేమీ కాదు. ఆరోగ్యశ్రీ కింద చెవుడు పిల్లలకు ఆపరేషన్ చేసి వినికిడి తెప్పించే కాక్లియర్ ఇంప్లాంట్లు పెట్టించారు, చాలా మంచి పని, కానీ గ్యారంటీ గడువు దాటాక చెవి మీది యంత్రానికో దాని కేబుల్‌కో అయ్యే ఖర్చు తల్లిదండ్రుల నెత్తినే పడుతోంది. ఆపరేషన్ రోజు ఫొటోలు దిగేవాళ్లు కేబుల్ తెగిన రోజు కనిపించరు.

కాబట్టి ఇలాంటి పరికరం రేపు మన దేశానికి వస్తే, అనుమతి ఇచ్చే రోజే రాయించుకోవాలి: ఇన్నేళ్లు విడిభాగాలు అందిస్తాం, ఒకవేళ మూతపడితే డిజైనూ సాఫ్ట్‌వేరూ ఇంకొకరు రిపేరు చేసుకునేలా అప్పగిస్తాం, దానికి డబ్బు ముందే డిపాజిట్ చేస్తాం అని. కంపెనీలు నసుగుతాయి, నసగనివ్వండి.

ఈలోగా ఒక మాట. నీటికాసులతో కంటి నరం దెబ్బతిన్నవాళ్లకు ఈ రెటీనా చిప్‌లు పనిచేయవు, ఎందుకంటే చిప్ పంపే సంకేతం మెదడుకు చేరాల్సింది ఆ నరం గుండానే. చిప్ పేరు చెప్పి ఎవరైనా అడ్వాన్సు అడిగితే రూపాయి కూడా ఇవ్వకండి.