లోడ్ బ్యాలెన్సర్ గారికి విగ్రహం

విశాఖ బీచ్ రోడ్డు పొడుగునా ఎన్ని విగ్రహాలో! లోడ్ బ్యాలెన్సర్ గారికి మాత్రం ఒక్కటీ లేదు. రుషికొండలో సర్వర్లు కాసుకుని బతికేవాడిగా ఈ అన్యాయాన్ని ఇక సహించలేను.

ఆయన ఏం చేస్తారంటారా? ఏమీ చేయరు. గొప్పతనమంతా అక్కడే ఉంది. సైట్‌కి వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌నీ గుమ్మంలోనే అందుకుని, వెనకాల చాకిరీ చేసే సర్వర్లలో ఏదో ఒకదాని నెత్తిన పెడతారు. జవాబు రాగానే తనే వండినట్టు తెచ్చి ఇస్తారు. మా ఆఫీసులో ఇదే పనికి కారు, క్యాబిన్ కూడా ఇస్తారు.

పంపకానికి పద్ధతులున్నాయి. మా దగ్గర ఆయన వేషం కట్టే సాఫ్ట్‌వేర్ ఇంజిన్‌ఎక్స్‌కి ఏమీ చెప్పకపోతే రౌండ్ రాబిన్. పెళ్లి బంతిలో బూరెలు వడ్డించినట్టు వరసగా తలా ఒకటి, ఆకలితో నిమిత్తం లేదు. ఐపీ హాష్ అయితే వచ్చినవాడి ఇంటర్నెట్ అడ్రసును బట్టి సర్వర్‌ని తేలుస్తుంది; ఐపీవీ4 రకం అడ్రసులో నాలుగు భాగాలుంటే మొదటి మూడే చూస్తుంది. చందనోత్సవం నాడు సింహాచలంలో మద్దిలపాలెం వాళ్లందరినీ ఒకే క్యూలోకి తోసినట్టు, పక్క క్యూ ఖాళీగా ఉన్నా సరే.

మేం ఇంకా తెలివైనవాళ్లం కదా, లీస్ట్ కనెక్షన్స్ పెట్టాం. ఎవరి చేతిలో పని తక్కువుంటే వాళ్లకే కొత్త పని. వారం తిరక్కుండా నాలుగింట్లో మూడో సర్వర్‌కి డేటాబేస్‌తో తెగతెంపులయ్యాయి. మిగతావి ఒక్కో ఆర్డరుకి అర సెకను చెమటోడుస్తుంటే, ఇది వచ్చినవాడికి వచ్చినట్టు రెప్పపాటులో 500 ఎర్రర్, అంటే ‘సర్వర్‌లో లోపం’ అన్న చీటీ, చేతిలో పెట్టి పంపేస్తోంది. ఖాళీగానే ఉంది కదా అని ఆయన ఇంకోటి పంపారు. దానికీ 500. మళ్లీ ఇంకోటి. కాసేపటికి ఊరు ఊరంతా దాని గుమ్మంలోనే.

తప్పు చేసినవాణ్ణి పక్కన పెట్టరా అంటే, పెడతారు. ప్రత్యేకంగా చెప్పకపోతే ఆయన లెక్కలో తప్పులంటే కనెక్షన్ దొరక్కపోవడం, జవాబు రాకపోవడం లాంటివే. ఒక్కసారి దొరికితే 10 సెకన్లు సస్పెన్షన్. 500 కూడా జవాబే కాబట్టి మూడోది నిర్దోషి. పాపం, ఒకటో సర్వర్ ఏదో పెద్ద రిపోర్టు తీస్తూ నిమిషం దాటించింది. సస్పెండ్ అయింది అదే!

రాత్రి రెండింటికి ఫోన్ నాకే వచ్చింది. టీమ్‌లో ఎనిమిది మందిమి. ఫోన్ ఎత్తుతానని పేరున్నది నాకొక్కడికే. మర్నాడు మేనేజర్ గారి అభినందన మెయిల్: సగటు రెస్పాన్స్ టైమ్ మునుపెన్నడూ లేనంత తగ్గిందట.

కాబట్టి సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర విగ్రహం పెట్టాలని నా డిమాండ్. ఎవరొచ్చి ఏమడిగినా చేయి పక్కకే చూపిస్తూ ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుని చూసిన ఊరు కనుక పక్కనే రెండోదీ కావాలి. మొదటిది కూలిన మరుక్షణం అదే అడ్రసుతో అది చేయి చాచాలి. లేకపోతే వెనకాల నాలుగు సర్వర్లూ నిక్షేపంగా ఉన్నా వాటి దగ్గరికి వెళ్లే దారి ఎవరికీ తెలియదు.