తొమ్మిది గళ్ల మాంత్రికుడికి

మహారాజశ్రీ మాయా చదరం గారికి,

ఈ వేసవికి మా కాలనీలో వెలసిన ‘మాంత్రికుల బడి’లో మొదటి పాఠం తమరిదేనని తెలిసి చాలా సంతోషించాం. మావాడికి నల్లకోటు, అట్ట టోపీ, మంత్రదండం ఇచ్చారు. మంత్రాలకు చింతకాయలు రాలవంటారు గానీ, ఫీజులు బాగానే రాలుతున్నాయండీ.

సాయంత్రమైతే వరండాలో ప్రాక్టీసు. సుద్దముక్కతో తొమ్మిది గళ్లు గీసి, దండం తిప్పుతూ అంకెలు వేస్తాడు. పై వరుసలో 8, 1, 6. మధ్యలో 3, 5, 7. కింద 4, 9, 2. అడ్డంగా కూడినా, నిలువుగా కూడినా, ఐమూలగా కూడినా 15. వాళ్ల నానమ్మ దిష్టి కూడా తీసింది. “మధ్యలో ఐదే ఎందుకురా?” అని అడిగాను. “మంత్రం మార్చకూడదు నాన్నా, పవర్ పోతుంది” అన్నాడు.

అయ్యా, తమరి గుట్టు ఇదీ. ఒకటి నుంచి తొమ్మిది దాకా కూడితే 45. మూడు వరుసలకు పంచితే తలా 15. మధ్యగడి మీదుగా వెళ్లే వరుసలు నాలుగు, వాటి మొత్తం 60. అందులో మిగతా అంకెలన్నీ ఒక్కోసారే వస్తాయి, మధ్యది మాత్రం నాలుగుసార్లు. 60లోంచి 45 తీసేస్తే మిగిలే 15 ఆ అంకెకు మూడు రెట్లు. కాబట్టి ఐదు. ఇలా రెండు నిమిషాల్లో చెప్పేస్తే రెండో నెల ఫీజు ఎవరు కడతారు? తమరి ఇబ్బంది అర్థం చేసుకోగలం.

గ్రహయంత్రాలంటూ తమరిని చెక్కి అమ్మే రాగిరేకుల వ్యాపారం కూడా బాగున్నట్టుంది. సూర్యయంత్రంలో వరుస మొత్తం 15. ప్రతి గడిలో ఒకటి కలిపితే చంద్రుడు, 18. ఇంకొకటి కలిపితే కుజుడు, 21. కేతువు దగ్గరకొచ్చేసరికి 39. నవగ్రహాలూ క్యూలో నిలబడి మూడో ఎక్కం అప్పజెబుతున్నాయన్నమాట!

తమరిది మంచి వంశమే. 1356లో నారాయణ పండితుడు ‘గణిత కౌముది’లో భద్రగణితం పేరుతో తమ కుటుంబానికి ఓ అధ్యాయమే రాశాడు, చదరాలు కట్టే పద్ధతులతో సహా. రామానుజన్ రెండో నోటుబుక్కు మొదలయ్యేదే తమరితో. వాళ్లెవరూ దండం తిప్పినట్టు దాఖలా లేదు.

ఐదు సంగతి మావాడికి చెప్పేశాను, ఏమనుకోకండి. ఇప్పుడు కొత్త టెన్షన్ పట్టుకుంది. ఖజురాహో గుడి ద్వారబంధం మీదున్న మీ అన్నగారికి అడ్డంగా, నిలువుగా నాలుగేసి గళ్లు, వరుస మొత్తం 34. దానికసలు మధ్యగడే లేదు కదా, మరి అక్కడెలా అంటాడు. సోమవారం మీ క్లాసులోనే అడగమన్నాను.

ఇట్లు,
ఫీజు కట్టిన తండ్రి