రౌటర్‌కు కొమ్ములు లెక్కపెట్టడం మానండి

మొన్న హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక కంప్యూటర్ దుకాణంలో గంటసేపు కూర్చున్నా. నా కళ్ల ముందే ముగ్గురు రౌటర్లు కొన్నారు. ఒకాయన యాంటెన్నాలు ఎన్ని ఉన్నాయని అడిగాడు. ఇంకొకాయన డబ్బా మీద 1200 ఉన్నదా, 3000 ఉన్నదా అని చూశాడు. అది రెండు బ్యాండ్ల వైఫై వేగాలను కలిపి వేసే అంకె, మన కనెక్షన్ వేగంతో దానికి సంబంధం లేదు. మూడో ఆయన ధర తప్ప ఏమీ అడగలేదు. ముగ్గురివీ చిన్న ఆఫీసులే, ముగ్గురూ రోజంతా ఫోన్ల మీద బతికేవాళ్లే. దీని మీద ఫోన్ మాట్లాడితే మాట సరిగ్గా వస్తుందా అని మాత్రం ఒక్కరి నోటా రాలేదు. కొమ్ములు చూసి బర్రె పాలు లెక్కగట్టినట్టు ఉన్నది మన బేరం.

నేనూ అట్లనే కొన్నా. అందుకే ఈ కోపం.

మాది ఎనుమాములలో మిర్చి అడ్తి. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్ పోయి ఫైబర్ వచ్చాక ఒక్క లైన్ చాలక, ఇంటర్నెట్ మీద నడిచే మూడు ఫోన్లు పెట్టించాం. మొదటి వారమే వింత మొదలైంది. ఫోన్ మోగుతుంది, ఎత్తితే అవతలివాళ్ల మాట మాకు వినిపిస్తుంది, మా మాట వాళ్లకు వెళ్లదు. ఫోన్లు అమ్మినవాళ్లు నెట్ బాగాలేదన్నారు. నెట్‌వాళ్లు ఫోన్లు బాగాలేవన్నారు. ఇద్దరి మధ్యా పదిహేను రోజులు తిరిగాం. చివరికి బీటెక్ చదివే మా మేనల్లుడు రౌటర్ సెట్టింగ్స్‌లోకి పోయి "సిప్ ఏఎల్‌జీ" అనే ఒక్క టిక్ తీసేశాడు. అంతే, మాట రెండు వైపులా పోయింది. కాల్‌కు సాయం చేద్దామని పెట్టిన సదుపాయం అది. కాల్ కుదిర్చే సందేశాల్లోని అడ్రసులను దారిలో దిద్దుతుంది. చాలా రౌటర్లలో ఆ దిద్దడమే తప్పుగా జరుగుతుంది. అయినా కొత్త రౌటర్లలో ఎన్నో దాన్ని ఆన్ చేసే వస్తున్నాయి.

సీజన్ వచ్చాక రెండో జబ్బు బయటపడ్డది. పొద్దున పదిన్నర, పదకొండు మధ్య, సరిగ్గా బేరాలు నడిచే వేళ, మాట ముక్కలు ముక్కలయ్యేది. ఒక రోజు ఖమ్మం ఖరీదుదారు "అన్నా, పద్నాలుగా, పంతొమ్మిదా?" అని నాలుగుసార్లు అడిగాడు. క్వింటాలుకు ఐదు వేల తేడా అది. నెట్‌వాళ్లకు ఫోన్ చేస్తే "ప్లాన్ పెంచుకోండి సార్" అన్నారు. 50 ఎంబీపీఎస్ నుంచి 100కు పెంచుకున్నాం. పైసలు పెరిగాయి, ముక్కలు తగ్గలేదు.

ఎందుకు తగ్గుతాయి? ఒక ఫోన్ కాల్‌కు, మాటను డేటాగా మార్చే మామూలు జీ.711 పద్ధతిలో, ఒక్కో వైపు 80 నుంచి 90 కేబీపీఎస్ పోతుంది. పది కాల్స్ ఒకేసారి నడిచినా ఒక ఎంబీపీఎస్ దాటదు. కాల్‌కు కావాల్సింది వేగం కాదు, వేళకు చేరడం. మాట 20 మిల్లీసెకన్ల ముక్కలుగా, సెకనుకు 50 చొప్పున పోతుంది. మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికం సంస్థ ఎప్పటినుంచో చెబుతున్నది. మా దగ్గర పదిన్నరకు ఏం జరుగుతున్నదంటే, గుమాస్తాలు లాట్ల ఫొటోలు, వీడియోలు వాట్సాప్‌లో పంపుతుంటారు, అదే టైముకు కంప్యూటర్ బ్యాకప్ కూడా మొదలవుతుంది. మేనల్లుడు పింగ్ పెట్టి, అంటే ఒక చిన్న సందేశం పోయి తిరిగి రావడానికి పట్టే టైము కొలిచి చూపించాడు. ఖాళీగా ఉంటే 12 మిల్లీసెకన్లు, అప్‌లోడ్ నడుస్తుంటే 900.

మార్కెట్ గేటు దగ్గర కాంటా ఒక్కటే ఉండి, వంద బస్తాల ట్రాక్టర్లు వరుసకట్టి ఉంటే, చేతిలో నాలుగు మిరపకాయల శాంపిల్ పట్టుకున్నవాడినీ వాటి వెనకే నిలబెట్టినట్టు. వరుస ఎంత పొడుగైనా సరే, ఎవరినీ వెనక్కి పంపించెయ్యకుండా అందరినీ నిలబెట్టుకోవడమే ఈ రౌటర్ల రోగం. దీనికి మందు ఎప్పుడో వచ్చింది. క్యాథలీన్ నికల్స్, వాన్ జాకబ్సన్ అనే నెట్‌వర్క్ పరిశోధకులు 2012లోనే, వరుస పొడుగు కాకుండా చూసే కోడెల్ అనే పద్ధతి చెప్పారు. దాని మీద కట్టిన ఎఫ్‌క్యూ-కోడెల్ 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది. పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్. మావాడు పాత రౌటర్ ఒకటి తెచ్చి, అందులో ఈ పద్ధతి ఉన్న ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, లైన్ వేగంలో 90 శాతానికి హద్దు పెట్టాడు. పింగ్ 30 దాటడం లేదు. కొత్తగా కొన్న ఆరు కొమ్ములది ఇప్పుడు అటక మీద ఉన్నది.

నెట్ కంపెనీ ఇచ్చే ఫైబర్ డబ్బాకే ఫోన్ సాకెట్ ఉంటే, ఒక్క లైన్ చాలనుకునేవాళ్లు హాయిగా దానికే పెట్టుకోండి. ఆ మాటకు మామూలుగా కంపెనీయే వేరే దారి ఇస్తుంది, మీ వాట్సాప్ వీడియోలు దానికి అడ్డం రావు. ఫోన్లు ఎక్కువ కావాలంటేనే రౌటర్ బాధ మొదలవుతుంది. అప్పుడు దుకాణంలో ఆ వరుసను అదుపు చేసే క్యూ మేనేజ్‌మెంట్ ఉన్నదా, సిప్ ఏఎల్‌జీ ఆపుకోవచ్చా అని అడగండి. వాళ్లు తెల్లముఖం వేస్తే ఇంకో దుకాణం చూసుకోండి.

కరెంటు సంగతి నాన్న చెప్పేదాకా మాకు తట్టలేదు. రాగి తీగ ఫోన్‌కు ఎక్స్‌ఛేంజీ నుంచే 48 వోల్టులు వచ్చేవి, ఊరంతా చీకటైనా అది మోగేది. ఇప్పుడు ఏప్రిల్ గాలివానకు కరెంటు పోతే ఫైబర్ డబ్బా, రౌటర్, ఫోన్లు అన్నీ ఒకేసారి చస్తాయి. రెండు చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు తెచ్చి డబ్బాకు, రౌటర్‌కు పెట్టాం. ఫోన్లకు ఇంకా పెట్టలేదు, వాటికి 5 వోల్టులు కావాలట. అందాకా గాలివాన వస్తే సెల్ ఫోన్‌లోనే బేరం.