చెట్లున్నాయి, చెక్కే లేదు!

కలప దొరకట్లేదంటే చాలు, "చెట్లు కొట్టనివ్వట్లేదు కదా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అబ్బా! 2021లో అమెరికాలో కలప ధర ఆకాశాన్నంటినప్పుడు అడవులేమైనా మాయమయ్యాయా? అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో పైన్ చెట్లు పెంచినవాళ్లకు దుంగ మీద దాదాపు పాత రేటే. వెయ్యి బోర్డు ఫీట్ల (బోర్డు ఫీటంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం చెక్క) కలప ఫ్యూచర్స్ ధర, అంటే తర్వాత అందుకునే సరుకుకు ముందే కుదుర్చుకునే ధర మాత్రం, మే నెలలో 1,600 డాలర్లు దాటింది! మరి ఆ లాభమంతా ఎక్కడ ఆగింది? కోత మిల్లు దగ్గర.

2020లో కోవిడ్ రాగానే, ఇప్పుడు ఇళ్లెవరు కడతారులే అని మిల్లులు షిఫ్టులు తగ్గించేశాయి. జనమేమో ఇంట్లో కూర్చుని బోరు కొట్టి రిపేర్లు మొదలుపెట్టారు. పోనీ, వెంటనే ఉత్పత్తి పెంచొచ్చుగా? రంపం కోసేస్తుంది సరే, పచ్చి చెక్కను ఆరబెట్టే బట్టీ ఖాళీ ఉండొద్దూ? అది నిండిపోయాక రంపం ఎంత జోరుగా తిరిగితే ఏం లాభం? రంపానికి పదును పెట్టే మనిషి దొరకడు. లారీకి డ్రైవర్ దొరకడు. కొత్త మిల్లు కట్టడానికి ఏళ్లు పడుతుంది. ఈలోపు ధర పడిపోతే? ఎవరు డబ్బు పెడతారు!

కెనడా గోల వేరు. అక్కడి బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో పైన్ బీటిల్ పురుగు కోట్ల చెట్లను చంపేసింది. అక్కడ నిజంగానే దుంగల్లేక మిల్లులు మూతపడ్డాయి. కెనడా నుంచి వచ్చే మిగిలిన కలప మీద అమెరికా 2017 నుంచి సుంకం వేస్తూనే ఉంది. కొరత అని ఏడ్చేదీ అమెరికా వాళ్లే, వచ్చే సరుకుకు అడ్డం పడేదీ వాళ్లే!