లండన్ బల్లమీద తిరుపతి టీ

తిరుపతి బాలాజీ కాలనీలో స్పోకెన్ ఇంగ్లీషు నేర్పే ఒక కేంద్రంవారు కళ్లకు తగిలించుకుంటే ఉన్న గది కనబడకుండా కంప్యూటర్ బొమ్మల లోకాన్ని చూపే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ ఒకటి కొని, నలుగురిలో నోరు విప్పడానికి జంకేవారు అందులోని బొమ్మమనుషులతో మాట్లాడి బెరుకు పోగొట్టుకోవచ్చని చెప్పగా, గాంధీ రోడ్డులో రాగిచెంబుల దుకాణం నడిపే మా బావగారు మర్నాడే ఫీజు కట్టేశారు. ఉత్తరాది యాత్రికులతో హిందీలోను, అరవవారితో అరవంలోను అవలీలగా బేరమాడే ఆయనకు ఇంగ్లీషు అనగానే గొంతు పట్టేసేది.

ఆ పద్ధతి మంచిదేనని నేనిప్పటికీ అంటాను. తప్పు మాట్లాడితే కిసుక్కున నవ్వే పక్క బెంచీవాడు అక్కడ ఉండడు. పైగా ఒక్కొక్క కంటికి కాస్త తేడాగల బొమ్మ చూపడం వల్ల లోతు తెలుస్తుంది, తల తిప్పితే దృశ్యమూ తిరుగుతుంది. అందుచేత బావగారు తాము నిజంగానే లండన్ హోటల్లో కూర్చున్నామని నమ్మారు. సర్వరు ఏం కావాలని అడిగాడు. "వన్ మసాలా దోశ, నెయ్యి ఎక్స్‌ట్రా" అన్నారు. అర్థం కాలేదన్నాడు. పాపం చెవుడు కాబోలని ఆయన గొంతు పెంచిన కొద్దీ పక్కగదిలో గ్రామర్ క్లాసు ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే టీ కుర్రాడు వచ్చి ఆయన చేతిలో గ్లాసు పెట్టాడు. బావగారు ఒక గుక్క తాగి, మిగిలినదాన్ని ఎంతో జాగ్రత్తగా లండన్ బల్లమీద పెట్టారు. ముందుగా గీసుకున్న హద్దు దాటబోతే హెచ్చరించే ఏర్పాటు ఆ పరికరంలో ఉన్నమాట నిజమే కాని, తమాషా చూద్దామని కుర్చీతో సహా హద్దులోకి జరిగివచ్చిన డైరెక్టరుగారి సంగతి దానికేం తెలుసు?

ఆయన పెట్టిన కేక విని, టీ సర్వరు మీద ఒలికిందనుకున్న బావగారు, "సారీ సర్! వెరీ వెరీ సారీ! ఐ విల్ క్లీన్ ఇట్!" అని తడుముకోకుండా అంటూ, కండువాతో గాలిని తుడిచి, లేవడానికి అదే బల్లమీద చేయి ఆనించి నేలకు ఒరిగారు. 1968లో అమెరికా కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు ఇవాన్ సదర్లాండ్ చేసిన ఇలాంటి తొలినాటి పరికరాన్ని బరువు మోయలేక పైకప్పుకు వేలాడదీశారట. మా బావగారి విషయంలో మనిషిని కూడా వేలాడదీయవలసింది.

ఇంతలో తెరమీద ఆయన ఉచ్చారణకు తొంభై రెండు మార్కులు పడ్డాయి. డైరెక్టరుగారు తడిసిన ప్యాంటుకు నష్టపరిహారం అడిగారు. "సారీ చెప్తినే కదప్పా, మీ మిషనే మార్కులేసె!" అన్నారు బావగారు. గంటసేపు సాగిన ఆ బేరం చివరకు ఒక రాగిచెంబు దగ్గర తెగింది. అదీ చిన్న సైజుదే.